కాల్చిన సిట్రిన్ నకిలీదేనా?

ప్రశ్న: ఇష్టపడి సిట్రిన్ అనే పసుపురంగు రత్నం పొదిగిన లాకెట్ కొనుక్కున్నాను. అది అసలుది కాదు, ఊదారంగు అమెథిస్ట్‌ను కాల్చి పసుపు చేశారని స్నేహితురాలు అంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. మోసపోయానా?

జవాబు: ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు, అయినా మీ రాయి నకిలీది కాదు. మార్కెట్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం అలా వేడిచేసి తీసిందే. రెండూ క్వార్ట్జ్ అనే ఒకే ఖనిజం. అందులో లేశమాత్రంగా ఉండే ఇనుముకు భూమిలోని సహజ రేడియేషన్ తోడైతే ఊదారంగు వస్తుంది, అదే రాయిని సుమారు 450-500 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే ఇనుము స్థితి మారి పసుపుకు తిరుగుతుంది. అన్నీ తిరగవు, కొన్ని ఆకుపచ్చ అవుతాయి, కొన్ని రంగే కోల్పోతాయి.

ఈ ముడిరాయి బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సుల్ నుంచి బాగా వస్తుంది. అక్కడ 13 కోట్ల ఏళ్ల కిందట లావా గడ్డకడుతున్నప్పుడు లోపల గాలిబుడగల్లా మిగిలిన ఖాళీల్లో ఈ స్ఫటికాలు పెరిగాయి. బొలీవియాలోని అనాహీ గనిలోనైతే ఒకే స్ఫటికంలో సగం ఊదా, సగం పసుపు ఉన్న రాళ్లు దొరుకుతాయి, దాన్నే అమెట్రిన్ అంటారు. ఎంత అందంగా ఉంటుందో!

సహజంగా పసుపైన సిట్రిన్ అరుదు. అది లేతగా, కొంచెం పొగచూరినట్టు, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. మొదలు తెల్లగా, కొసలు మాత్రం ముదురు నారింజరంగులో ఉన్న స్ఫటికాల గుత్తి కనబడితే అది వేడిచేసిందే అనుకోవచ్చు. సానపట్టిన రాయిని మాత్రం కంటితో చూసి చెప్పడం కష్టం, ల్యాబ్‌లో చూపించాలి.

నాకు కోపం తెప్పించేది వేడిచేయడం కాదు, ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పకపోవడం. దీన్నే ‘మదీరా టోపాజ్’ అని అమ్మడం ఇంకా తప్పు. టోపాజ్ వేరే ఖనిజం, గట్టిదనం మోస్ స్కేల్‌పై 8, సిట్రిన్‌ది 7. అంతే సైజు టోపాజ్ మూడో వంతు ఎక్కువ బరువు తూగుతుంది కూడా.

మచ్చ లేకుండా పెద్ద ముక్కలుగా దొరకడం, దీపం వెలుతురులో తేనెలా మెరవడం, సిట్రిన్‌పై మోజుకు కారణం ఇదే. 1930ల నగల్లో ఈ పెద్ద రాళ్లను తెగ వాడారు. మీ లాకెట్ నిశ్చింతగా వేసుకోండి. దుమ్ములోనూ క్వార్ట్జ్ రేణువులుంటాయి, పొడిగుడ్డతో రుద్దితే రాయిపై గీతలు పడొచ్చు కాబట్టి అలా రుద్దకండి, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే చాలు.