ఇళ్లల్లో పని: ఆ లాక్‌డౌన్ జీతం ఇప్పుడు అడగొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. కల్లూరులో అద్దె గదిలో నేనూ, ఇంటర్ చదివే నా కొడుకూ ఉంటాం. మా ఆయన లేడు. నాలుగిళ్లల్లో అంట్లు తోమి, బట్టలు ఉతుకుతాను. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే అందరూ రావద్దన్నారు. ఒక ఇంటి అమ్మ మాత్రం రెండు నెలలు జీతం ఇచ్చింది. మిగతా మూడిళ్లవాళ్లు పని లేకుండా జీతమేంటన్నారు. నూటికి ఐదు వడ్డీకి అప్పు తెచ్చి అద్దె కట్టాను. జన్‌ధన్ డబ్బులు మా వదినకు పడ్డాయి, నాకు పడలేదు. ఆ జీతం ఇప్పుడు అడిగితే ఇస్తారా? మళ్లీ అట్లాంటి రోగమొస్తే మాకెవరు దిక్కు?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, ఆ డబ్బు కోసం ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగొద్దు. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, లాక్‌డౌన్‌లో జీతం కోయకూడదని ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. కానీ అది ఫ్యాక్టరీలు, దుకాణాలు, వ్యాపార సంస్థలకు. మీ ఊసు అందులో లేదు. మే 18 నుంచి అది కూడా పోయింది. అపార్ట్‌మెంట్లలో మిమ్మల్ని గేటు దగ్గరే ఆపినవాళ్లకు, మీ పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆలోచించే బాధ్యత ఎవరూ పెట్టలేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే.

జన్‌ధన్ పథకం కింద తెరిచిన ఆడవాళ్ల ఖాతాల్లోనే ఏప్రిల్ నుంచి జూన్ వరకు నెలకు 500 రూపాయలు వేశారు. మీది మామూలు సేవింగ్స్ ఖాతా అయ్యుంటుంది. అప్పట్లో మా వీధి ఆడవాళ్ల పాసుపుస్తకాలు చూసిపెట్టేదాన్ని. ఒకే బ్రాంచిలో అక్కకు పడి, చెల్లెలికి పడని ఇళ్లున్నాయి. పాసుపుస్తకం బ్యాంకులో చూపించి ఏ రకం ఖాతానో అడగండి.

ఈసారి జీతం పెంచమని అడిగేటప్పుడు ఇంకో మాట కూడా అడగండి: 'మీరు రావద్దన్న రోజులకు జీతం కోయకూడదు.' రోగమొచ్చినా, వాళ్లు ఊరెళ్లినా ఇదే లెక్క. ఒక్కరే అడిగితే రేపటినుంచి వేరే మనిషిని పెట్టుకుంటారు. అందుకే మీరు పనిచేసే చోట ఇళ్లల్లో చేసేవాళ్లంతా కలిసి ఒకే మాట మీద ఉండాలి. ఎవరు ఏ తేదీన ఎంత ఇచ్చారో మీ అబ్బాయితో నోటుపుస్తకంలో రాయించండి.

ఈ-శ్రమ్‌లో, అంటే మీలాంటి కార్మికుల పేర్లు రాసుకునే కేంద్ర ప్రభుత్వ జాబితాలో, పేరుందా? 2021 ఆగస్టు 26న మొదలైంది, ఇళ్లల్లో పనిచేసేవాళ్లూ చేరొచ్చు. కార్డు వచ్చినంత మాత్రాన డబ్బు పడదు. కానీ 2020లో సాయం చేద్దామన్నా మీలాంటివాళ్ల పేర్లతో ఒక జాబితా లేదు. ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు పుస్తకం పట్టుకుని వెళ్లి పేరు రాయించుకోండి.

అప్పు ఇంకా ఉందో లేదో రాయలేదు మీరు. నూటికి ఐదంటే ఏడాదికి 60 రూపాయలు. ఉంటే ముందు దాన్ని వదిలించుకోవాలి. మీ వీధిలో మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) పొదుపు సంఘం ఉంటే చేరి, బ్యాంకు లోను వచ్చినప్పుడు ఆ బాకీ తీర్చేయండి.