ఒకటిన్నర యూరో మిగిల్చిన రాత్రి

ప్రశ్న: అన్నా, నేను ఐర్లండ్ వచ్చి డబ్లిన్‌లో ఎమ్మెస్సీలో చేరి ఏడు వారాలైంది. ఇల్లు సిటీ శివార్లలోని టాలాలో. పోయిన గురువారం రాత్రి పార్ట్‌టైమ్ పని ముగించుకుని ట్రామ్ దిగి నడుస్తుంటే కొందరు పిల్లలు గుడ్లు విసిరారు. బూతులు తిట్టి, మీ దేశం పొమ్మన్నారు. దెబ్బలేమీ తగల్లేదు. పోలీసులకు చెబితే వీసాకు ఇబ్బంది అవుతుందా? ఇంట్లో చెప్పాలా వద్దా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. (నల్గొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, ముందు వీసా సంగతి తేల్చేస్తాను. ఏమీ కాదు. తన్నులు తిన్నవాడు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ఇక్కడ వీసా పోదు. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 999 గానీ 112 గానీ కొట్టు. జరిగిపోయినదానికి దగ్గర్లోని గార్డా స్టేషన్‌కి వెళ్లు, గార్డా అంటే ఇక్కడి పోలీసులు. ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష పెంచే చట్టం ఒకటి 2024 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. మిగతా రూల్స్ అన్నీ గార్డా వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకో. నేను చెప్పగలిగింది రూల్స్ కాదు, నేను చేసిన తెలివితక్కువ పని.

2012 సెప్టెంబర్‌లో తెనాలి నుంచి వచ్చాను. నువ్వు ఉంటున్న టాలాలోనే దిగాను. ఇంగ్లీషులో రాసింది చూసి మొదటి నెలంతా 'టల్లాగ్ట్' అని పలికి నవ్వులపాలయ్యాను. మూడు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఏడుగురం. సిటీలో ఒక రెస్టారెంట్లో కిచెన్ పోర్టర్‌గా చేరాను. పేరు గొప్పగా ఉంది గానీ పని అంట్లు తోమడం. గంటకు 8.65 యూరోలు, అప్పటి కనీస వేతనం. యూరో డెబ్భై రూపాయల దరిదాపుల్లో ఉండేది. అంటే గంటకు ఆరువందలు! ప్లేటు తోమిన ప్రతిసారీ మనసులో ఆ లెక్కే. సంపాదించేటప్పుడు రూపాయల్లోకి మార్చుకుంటే బాగానే ఉంటుంది. ఖర్చు పెట్టేటప్పుడు మార్చుకున్నామా, చచ్చామన్నమాటే. నేను రెండూ మార్చేవాణ్ణి.

ట్రామ్ దిగిన చోటు నుంచి మా ఇంటికి లైట్లున్న రోడ్డు మీద నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు. బస్సెక్కితే సుమారు ఒకటిన్నర యూరో. గ్రీన్‌కి అడ్డం పడి వెళ్తే పన్నెండు నిమిషాలు. గ్రీన్ అంటే ఇళ్ల మధ్య వదిలేసిన పచ్చిక మైదానం, నువ్వూ చూసే ఉంటావు. పగలు అక్కడ బంతాటలు, కుక్కల షికార్లు. రాత్రయితే ఒక్క లైటు ఉండదు. ఒకటిన్నర యూరో అంటే నూట ఐదు రూపాయలు. తెనాలిలో రెండు భోజనాలు. రోజూ రెండు భోజనాలు మిగులుతున్నాయి కదా అని మురిసిపోతూ చీకట్లో నడిచేవాణ్ణి.

అక్టోబర్ చివరి వారం. హాలోవీన్ మంట కోసం పిల్లలు చెక్క పాలెట్లు, పాత టైర్లు పోగేసి గ్రీన్ మూలన దాచుకునే రోజులు. మన భోగి మంటకి కర్రలు ఎత్తుకొచ్చినట్టే అనుకుని ముచ్చటపడ్డాను కూడా. ఆ గుట్ట వెనక నుంచే వచ్చారు. ఐదారుగురు, అందరిలోకి పెద్దవాడికి పదిహేనేళ్లు ఉంటాయేమో. మొదటి గుడ్డు భుజం మీద పగిలింది. పగలగానే నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? జాకెట్ చూసుకోవడం. నలభై యూరోలు పెట్టి కొన్నాను, ఇంకా నెల కాలేదు. తల దించి, తెల్లసొన మెడలోకి జారకుండా తుడుచుకుంటుంటే వెనక నుంచి ఎవడో తోశాడు. కాలిబాట అంచుకు నోరు కొట్టుకుంది. ముందు పన్ను సగం విరిగింది. బ్యాగు లాక్కున్నారు. అందులో ఫోను, రెస్టారెంట్ వాళ్లు ఇచ్చిన అన్నం డబ్బా. కొంచెం దూరం పోయాక డబ్బా మూత తీసి అన్నం విసిరేశారు. గడ్డి మీద తెల్లగా అన్నం పడి ఉండటం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పన్ను కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది, ఎందుకో చెప్పలేను.

ఇంటికి పోయి జాకెట్ ఉతికేశాను. పొద్దున్నే వంటింట్లో అందరికీ 'వానలో జారిపడ్డాను' అన్నాను. అమ్మకి 'బాత్రూంలో జారాను' అన్నాను. గార్డా దగ్గరికి పోలేదు. వీసా భయం ఉందనుకో, కానీ అసలు కారణం అది కాదు. స్టేషన్‌కి పోతే షిఫ్టు పోతుంది. నాలుగు గంటల షిఫ్టు, 34 యూరోల 60 సెంట్లు. అదీ లెక్క. డెంటిస్ట్ దగ్గరికి కూడా పోలేదు. లవంగం నూనె పెట్టుకుంటూ పద్నాలుగు నెలలు ఆ పన్నుతోనే గడిపి, తెనాలి పోయాక రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆ లోపు ఎన్ని పెయిన్‌కిల్లర్లు మింగానో, ఎన్ని రాత్రులు మేలుకున్నానో రూపాయల్లోకి మార్చలేదు. కొత్త ఫోను, పన్ను, మందులు కలిపితే నేను మిగిల్చిన బస్సు చార్జీలు ఏ మూలకి?

రెండు వారాల తర్వాత అదే గ్రీన్‌లో మా ఇంట్లోనే ఉండే కేరళ అతన్ని పట్టుకుని కొట్టారు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీకి పోతున్నాడు పాపం. ఈసారి ఎదురింటి ముసలావిడే గార్డాకి ఫోన్ చేసింది. ఒక లేడీ గార్డా మా వంటింట్లోకి వచ్చి కూర్చుని, ఇంతకు ముందు ఇక్కడ ఎప్పుడైనా ఇలా జరిగిందా అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మా స్టేషన్లో ఆ చోటు మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు అంది. నేను సింక్ దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. విరిగిన పన్ను నాలుకకు తగులుతూనే ఉంది.

ఆ సాయంత్రమే స్టేషన్‌కి పోయాను. నా ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. వాళ్లు నిన్ను ఏమన్నారు, కచ్చితంగా ఏ మాట వాడారు అని అడిగాడు ఆ గార్డా. నోరు రాలేదు. 'పాకీ' అన్నారు అని చివరికి నెమ్మదిగా చెప్పాను. ఇక్కడ దాని అర్థం వేరు, పాకిస్తాన్ వాళ్లనీ మనలాంటివాళ్లనీ తిట్టే మాట. కానీ ఆ మాట మన తెలుగులోనూ ఉంది కదా, మన ఊళ్లలో ఎవరిని, ఏ గొంతుతో అన్నామో నీకూ తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని ఆ రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి నాకు. సరే, అది వేరే కథ.

కేసు ఏమైందంటావా? గొప్పగా ఏం కాలేదు. పద్దెనిమిది నిండని పిల్లలను ఇక్కడ చాలావరకు కోర్టుకి పంపరు, దారిలో పెట్టే వేరే పద్ధతి ఉంది. నాకు ఒక ఉత్తరం వచ్చింది, అంతే. కానీ తర్వాత నెల రోజులు గ్రీన్ పక్కన గార్డా కారు తిరిగింది. నేను మొదటి రాత్రే చెప్పి ఉంటే ఆ కేరళ అతని చెయ్యి విరిగేది కాదేమో. పదమూడేళ్లయినా ఆ 'ఏమో' నన్ను వదల్లేదు.

అందుకే నీకు చెబుతున్నా, దెబ్బ తగల్లేదు కదా అని ఊరుకోకు. వాళ్లన్న మాటలు అన్నవి అన్నట్టుగా ఇవాళే ఇంగ్లీషులో రాసి పెట్టుకో, బూతులతో సహా. కొత్త చట్టంలో ద్వేషం రుజువు కావాలంటే ఆ మాటలు గట్టి ఆధారం. స్టేషన్‌లో పల్స్ నంబర్ అని ఒకటి ఉంటుంది, ఫిర్యాదు నంబర్ అన్నమాట, అది అడిగి తీసుకో. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలంటే దుబాసీని అడిగే హక్కు కూడా ఉంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 116 006, నేర బాధితుల కోసం నడిపే లైను.

ఇక అసలు విషయానికి వస్తా. నీ బ్యాంకులో ఇప్పుడు ఎంత ఉంది? సిగ్గుపడకు. ఈ దాడుల గురించి అందరూ మాట్లాడతారు గానీ జేబు సంగతి ఒక్కడూ ఎత్తడు. 2025 జులై 19న మీ టాలాలోనే, దేశంలో అడుగుపెట్టి కొన్ని వారాలే అయిన ఒక భారతీయుణ్ణి గుంపు పట్టుకుని రక్తం కారేలా కొట్టి, బట్టలు ఊడదీశారు. పిల్లలతో తప్పుగా ప్రవర్తించాడని పుకారు పుట్టించారు. అందులో నిజం లేదని గార్డాయే తేల్చింది. దారిన పోతున్న ఇక్కడి ఆవిడే కారు ఆపి అతనికి అండగా నిలబడింది. తర్వాత ఆగస్టు 1న డబ్లిన్‌లోని మన ఎంబసీ ఒక సూచన ఇచ్చింది, వేళ కాని వేళ నిర్మానుష్యమైన చోట్లకు పోవద్దని. మంచి మాటే. కానీ రాత్రి పన్నెండుకి షిఫ్టు దిగేవాడికి ఆ వేళ కాని వేళే జీతమిచ్చే వేళ. టాక్సీ ఎక్కడానికి డబ్బు లేనివాడికి ఆ సూచన ఎందుకు పనికొస్తుంది చెప్పు?

తప్పు కొట్టినవాడిదే, అందులో రెండో మాట లేదు. ఇక్కడి వాటర్‌ఫర్డ్ నగరంలో అదే ఆగస్టులో మనవాళ్ల ఆరేళ్ల పాపను ఇంటి ముందు ఆడుకుంటుంటే కొట్టారు, ఆ పాప ఏ షార్ట్‌కట్‌లో నడిచింది? డబ్లిన్‌లోని ఫార్మ్‌లీలో జరగాల్సిన ఇండియా డే కూడా ఆ నెల వాయిదా వేశారు. అప్పటి దేశాధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ ప్రకటన ఇచ్చి, ఆస్పత్రుల్లో, నర్సింగ్‌లో మనవాళ్లు చేసే సేవ గురించి చెప్పాడు. విన్నప్పుడు కళ్లు చెమర్చాయి, కాదనను. కానీ డబ్బు చేతిలో ఉంటే కొన్ని పనులు చేయగలం. వానలో, చీకట్లో టాక్సీ ఎక్కగలం. పనికిమాలిన ఇంటి నుంచి నెలలో మారిపోగలం. ఆ రాత్రి షిఫ్టు నాకొద్దు అని మేనేజర్‌తో అనగలం. ఒక రోజు జీతం పోయినా స్టేషన్‌లో కూర్చుని స్టేట్‌మెంట్ ఇవ్వగలం. నేను ఇందులో ఒక్కటీ చేయలేకపోయింది పిరికితనం వల్ల అనుకునేవాణ్ణి. కాదు, నా అకౌంట్లో అప్పుడు 61 యూరోలు ఉన్నాయి.

మీ బ్యాచ్ పిల్లలు పాతిక లక్షలు అప్పు చేసి వస్తున్నారు. మొదటి జీతం పడగానే ఊరికి పంపించేస్తారు, కిస్తీ కట్టాలని. నాన్నకి ఫోన్ చేసి చెప్పు: రెండు నెలలు ఆలస్యం అవుతుంది, ముందు నా దగ్గర వెయ్యి యూరోలు కదలకుండా ఉండాలి అని. ఆ వెయ్యి మీద చెయ్యి వేయకు. స్నేహితుడు అడిగినా, పెళ్లి చేసుకుంటున్న చెల్లెలికి చీర కొనాలన్నా, కొత్త ఐఫోన్ వచ్చినా. ముఖ్యంగా ఐఫోన్. మీవాళ్లలో సగం మంది చేతిలో వెయ్యి యూరోల ఫోను ఉంటుంది, అకౌంట్లో వంద ఉండదు. మళ్లీ ఆ ఫోను రోడ్డు మీద చెవికి పెట్టుకుని నడుస్తారు.

ఇంట్లో చెప్పాలా అన్నావు. చెప్పు, కానీ స్టేషన్‌కి వెళ్లొచ్చాక చెప్పు. జరిగిన దాంతో పాటు చేసిన పని కూడా చెబితే వాళ్లకి కాస్త ఊపిరి ఆడుతుంది. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో, కాన్సాస్‌లోని ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు మా అమ్మ రాత్రి రెండింటికి ఫోన్ చేసి, బయట తెలుగులో మాట్లాడకు నాన్నా అని ఏడ్చింది. అది వేరే దేశమమ్మా అన్నా వినదు. సరే అన్నాను. నాలుగు రోజులు బస్సులో నోరు మూసుకున్నాను కూడా. ఐదో రోజు పాత రూమ్మేట్ ఫోన్ చేస్తే మామూలుగా తెలుగులోనే అరిచాను, బస్సంతా తిరిగి చూసింది, ఏమీ కాలేదు. భాష మానకు. రాత్రి నడిచేటప్పుడు మాత్రం చెవుల్లో ఉన్న ఇయర్‌ఫోన్స్ తీసెయ్యి.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలు పడుకునే ముందు చూడకు. సగం ఐర్లండ్‌వి కూడా కావు. కర్రలు పట్టుకుని గస్తీ తిరుగుదాం అని ఎవడైనా పిలిస్తే పోకు, కర్ర పట్టుకున్నవాణ్ణే గార్డా ముందు పట్టుకునేది. అంతకంటే ఎదురింటి వాళ్లకి ఒకసారి హలో చెప్పి పేరు చెప్పు. మా కేరళ అతన్ని కాపాడిన ముసలావిడకి, అప్పటిదాకా మా ఏడుగురిలో ఒక్కరి పేరూ తెలియదు. తర్వాత మేం దీపావళికి అరిసెలు ఇచ్చాం. బిస్కెట్ అనుకుని టీలో ముంచుకుని తిన్నదట.

రేపు క్లాసు అయ్యాక స్టేషన్‌కి పో. ఒంటరిగా వద్దు, ఇంట్లో ఎవర్నైనా వెంట తీసుకెళ్లు, వాళ్ల బస్సు టికెట్ నువ్వే కొను. జాకెట్ ఇంకా ఉతకలేదు కదా? ఉతక్కు. వాసన వచ్చినా సరే, కవర్లో పెట్టి తీసుకెళ్లి చూపించు. వచ్చేటప్పుడు చీకటి పడితే టాక్సీ ఎక్కు. మీటర్ వైపు చూడకు.