ఏ విద్య మంచిదో తర్వాత చెప్తాను, ముందు ఆ పొట్లం సంగతి చూద్దాం

ప్రశ్న: మాది మలికిపురం మండలం. నా వయసు 46. రొయ్యల చెరువులు చూసుకుంటాను. ఆరేళ్లుగా బీపీ, మూడేళ్లుగా షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్ హెచ్, గ్లిమెపిరైడ్–మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా అబ్బాయి (11) ఏడాదిగా కరాటే నేర్చుకుంటున్నాడు. అమ్మాయి (17) వచ్చే ఏడాది కాకినాడ హాస్టల్‌కి వెళ్తుంది, ఆత్మరక్షణకు ఏదైనా నేర్పించాలి. నేను బరువు తగ్గాలి. కరాటే దండగ, దెబ్బలు, పట్లు అన్నీ కలిపి ఆడే ఎంఎంఏ అయితే అన్నీ వస్తాయని మా బావమరిది అంటాడు. కరాటే, తైక్వాండో, జూడో, బాక్సింగ్‌లలో ఎవరికి ఏది మంచిది? మా అమ్మగారు (72) తాయ్‌చీ (నెమ్మది కదలికల చైనా వ్యాయామం) చేయవచ్చా? మా తాతగారు అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా (కత్తిసాము, కర్రసాము) ఆడేవారు, కాబట్టి ఇది మా రక్తంలోనే ఉందండి. నెల కిందట అబ్బాయితో కిక్కులు ప్రాక్టీస్ చేస్తుంటే నా కుడి మోకాలు టక్కుమంది, రాత్రికల్లా వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర, దాంతోపాటు పొట్లంలో చిన్న తెల్లమాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. ఇప్పుడు బాగానే ఉంది, చెరువు గట్టు దిగేటప్పుడే కాలు పట్టు తప్పుతోంది. షుగర్ 260 చూపిస్తే షుగర్ మాత్ర నేనే రెండు పూటలా చేసుకున్నాను. అబ్బాయి పిడికిలి మీద పుషప్స్ తీసి మణికట్టు నొప్పి అంటే నూనె రాసి లాగించి, నా నొప్పి మాత్రలో సగం వేశాం. – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ప్రశ్నలన్నీ మొదటి సగంలో ఉన్నాయి, జబ్బులన్నీ రెండో సగంలో ఉన్నాయి. నేను కింద నుంచి పైకి వస్తాను. మిమ్మల్ని చూడకుండా, చెయ్యి పెట్టి పరీక్షించకుండా రాస్తున్నానని గుర్తుంచుకోండి. ఇది నా అనుమానమే తప్ప రోగనిర్ధారణ కాదు.

ముందు ఆ పొట్లం. షాపతను మీకు రెండు రకాలు ఇచ్చాడు. ఒకటి పేరున్న స్ట్రిప్, మామూలు నొప్పి మాత్ర. రెండోది పేరులేని చిన్న తెల్లమాత్ర. మా ప్రాంతంలో ఇలాంటి పొట్లాల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. మీ పొట్లంలో ఉన్నదీ అదేనని నేను చెప్పలేను. కానీ నెల రోజులుగా అది వేసుకుంటుంటే నొప్పి తేలిపోయింది, మందులు మారకుండానే షుగర్ 260కి ఎగబాకింది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు వేరే ఆలోచన రావడం కష్టం. ఈమధ్య ఆకలి ఎక్కువైందా, ముఖం కాస్త ఉబ్బినట్టుందా, అద్దంలో చూసుకోండి. స్టెరాయిడ్ వాడేవాళ్లు మొదట్లో భలే హుషారుగా ఉంటారు. ‘ఆయ్, మందు బాగా పనిచేసిందండి’ అని ఆ షాపుకే ఇంకో నలుగురిని పంపిస్తారు కూడా.

ఇక్కడ ఒక చిక్కుంది. స్ట్రిప్‌లోని నొప్పి మాత్ర ఈ రోజే ఆపేయండి. పొట్లంలో మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. స్టెరాయిడ్ మూడు వారాలకు మించి వాడితే, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అలాంటప్పుడు ఠక్కున మానేస్తే బీపీ పడిపోయి, వాంతులు, నీరసం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని రేపే ఫిజీషియన్‌కి చూపించండి. ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. షుగర్ మాత్ర రెట్టింపు చేసుకోవడం కూడా ఇక్కడే ఎదురు తిరుగుతుంది. స్టెరాయిడ్ తగ్గించే కొద్దీ షుగర్ దానంతట అదే దిగుతుంది. మీరేమో గ్లిమెపిరైడ్ రెండు పూటలా వేసుకుంటుంటారు. ఏ అర్ధరాత్రో షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి, చెయ్యి వణికి, మాట తడబడితే ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు.

ఇక బీపీ. మీ టెల్మిసార్టాన్ పక్కనున్న ‘హెచ్’ మూత్రం ఎక్కువగా పోయించే మందు. ఆ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ రక్తాన్ని వడకట్టే ఒత్తిడి మూడు వైపుల నుంచీ ఒకేసారి తగ్గిపోతుంది. పైగా మీరు ఎండలో చెరువుల మీద తిరిగే మనిషి, చెమట పోతుంది, నీళ్లు సరిగా తాగరు. నొప్పి మాత్రలు ఎవరూ వాడకూడదని నేను అనడం లేదు. మోకాలు వాచిన కుర్రాడికి ఐదు రోజులు నేనూ రాస్తాను. కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు అడగకుండా నెల రోజులు మింగితే, ఆ బిల్లు కిడ్నీ కడుతుంది. అదీ చప్పుడు చేయకుండా. తాలింఖానా మీ రక్తంలో ఉందన్నారు. ఉండొచ్చు. ప్రస్తుతం ఆ రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో, పొటాషియం ఎంతుందో నాకు కావాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), మూత్ర పరీక్ష కూడా చేయించండి. విరేచనం నల్లగా వస్తుంటే, కాళ్లు వాస్తే, మూత్రం తగ్గితే రేపటి వరకూ ఆగొద్దు, ఈ రోజే వెళ్లండి. బీపీ మాత్ర కూడా మీ అంతట మీరు ఆపొద్దు. ఇది చదివి ఎవరో ఒకరు తప్పకుండా ఆపేస్తారు, అందుకే రెండోసారి రాస్తున్నా, ఆపొద్దు.

మోకాలు. టక్కుమనడం, కొద్ది గంటల్లోనే వాయడం, నెల తర్వాత వాలు దిగేటప్పుడు పట్టు తప్పడం... ఈ మూడూ కలిస్తే కీలు లోపల ఏసీఎల్ అనే లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టే తాడులాంటిది) తెగిందేమో చూడాలి. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, లిగమెంటును చూపించదు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం. ఎముకల డాక్టర్ కాలు పట్టుకుని ముందుకు లాగి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఎమ్మారై అవసరమో కాదో ఆయనే చెబుతారు. వాపు తగ్గిందని మీరు సంతోషిస్తున్నారు. వాపు తగ్గిన తర్వాతే మనిషి ధైర్యంగా గట్టు దిగుతాడు. కాలు జారిన ప్రతిసారీ లోపలి మెత్త, మెనిస్కస్ అంటాం, కొంచెం కొంచెం చిరుగుతుంది. ఏసీఎల్ తెగిన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వయసు, పని, ఎంత తరచుగా పట్టు తప్పుతోంది, ఇవన్నీ చూసి ఫిజియోథెరపీతో నెట్టుకొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ నిర్ణయం మోకాలు చూశాక తీసుకోవాలి. అప్పటివరకు మేత బస్తా భుజాన వేసుకుని గట్టు దిగకండి.

అబ్బాయి విషయంలో మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదు. పదకొండేళ్ల పిల్లాడికి ఎముక చివర పెరిగే భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది. దానికి దెబ్బ తగిలినా, రోజూ బరువు పడినా ఎముక పెరుగుదల వంకర పోవచ్చు, ఆగిపోవచ్చు. అలాంటి చోట నూనె రాసి లాగించడమేంటండీ? సిమెంటు గచ్చు మీద పిడికిలితో పుషప్స్ ఈ వయసులో అవసరం లేదు. మాస్టారితో మీరు నిర్మొహమాటంగా చెప్పండి. మణికట్టును ఎముకల డాక్టర్‌కి చూపించి, ఆయన సరే అనేవరకు క్లాసు మాన్పించండి. ఇక మీ మాత్రలో సగం పిల్లాడికి వేయడం గురించి... బయట ఇరవై మంది ఎదురుచూస్తున్నారు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తున్నా. పిల్లల మందుకు బరువును బట్టి లెక్క ఉంటుంది. నాన్న మాత్రలో సగం అనేది ఆ లెక్కలో లేదు.

సరే, మీరు అడిగినదానికి వస్తాను.

మీ బావమరిది గారి మాటలో కొంత నిజముంది. ఎదుటివాడు నిజంగా ప్రతిఘటిస్తుండగా సాధన చేసే విద్యే అవసరంలో పనికొస్తుంది. కానీ ఎంఎంఏలో తలకు దెబ్బలు తగులుతాయి, కీళ్లు మెలిపెడతారు, మెడ బిగిస్తారు. పిల్లలు, కుర్రాళ్లు బాక్సింగ్‌కి దూరంగా ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. ఎంఎంఏకి ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా అభిప్రాయం. హెల్మెట్ ఉందిగా అనకండి. హెల్మెట్ చర్మం చిట్లకుండా ఆపుతుంది కానీ, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఏ విద్యలోనైనా సరే, తలకు దెబ్బ తగిలి పిల్లాడు కాసేపు అయోమయంగా ఉన్నా, వాంతి చేసుకున్నా ఆ రోజుకి ఆట బంద్. తిరిగి మొదలుపెట్టడం డాక్టర్ చూశాకే.

కరాటే ఒకినావా దీవుల్లో పుట్టింది. 1922లో గిచిన్ ఫునకోషి జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్లి ప్రచారం చేశారు. అందులో కటా అని ఒంటరిగా చేసే వరుసలుంటాయి. ఎదుటివాడి దెబ్బ తినకుండా అదుపు, శ్రద్ధ, బ్యాలెన్స్ నేర్చుకోవచ్చు. మీ అబ్బాయికి మణికట్టు మానాక అదే కొనసాగించండి, మార్చాల్సిన పని లేదు. తైక్వాండో కొరియా విద్య, 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట. ఒళ్లు సాగుతుంది, కాళ్లు చురుగ్గా ఉంటాయి. కాకపోతే తలకు తగిలే కిక్కుకి ఎక్కువ పాయింట్లు ఇస్తారు, ఒంటికాలి మీద గిర్రున తిరగాలి. అంటే మీలాంటి మోకాలికి సరిపడనిది ఏదైనా ఉంటే అదే.

నాకు ఇష్టమైనది జూడో, దాచుకోను. జిగోరో కానో 1882లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో ముందు నేర్పేది ఎదుటివాణ్ని పడేయడం కాదు, మనం పడటం. చెయ్యి ఆనించకుండా, గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి దొర్లడం. మా దగ్గరికి వచ్చే మణికట్టు విరుగుళ్లలో ఎక్కువ భాగం బండి మీద నుంచో, పాచి పట్టిన నూతి గట్టు మీదో పడుతూ చెయ్యి ఆనించినవే. జూడోలోనూ భుజం, కాలర్‌బోన్ దెబ్బలు ఉంటాయి. సరైన మ్యాట్లు లేని చోట, కొబ్బరిపీచు పరుపు మీద నేర్పిస్తామంటే వద్దనండి.

అమ్మాయికి నా ఓటు జూడోకే. దొరక్కపోతే తలకు దెబ్బల పోటీలు లేని బాక్సింగ్ ఫిట్‌నెస్ క్లాసు. ఆరు వారాల కోర్సుతో ఎవరినైనా పడగొట్టొచ్చనే ధీమా ఇచ్చేవాళ్ల దగ్గర మానిపించండి. విడిపించుకోవడం, గట్టిగా అరవడం, పరిగెత్తడం నేర్పేవాళ్ల దగ్గర చేర్పించండి. 112 (అత్యవసరం), 181 (మహిళల హెల్ప్‌లైన్) నంబర్లు ఫోన్‌లో ముందే పెట్టించండి. ఆడపిల్లల్లో మోకాలి ఏసీఎల్ దెబ్బలు మగపిల్లలకన్నా ఎక్కువ. అందుకే గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం ముందు నేర్చుకోవాలి. మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. మ్యాట్ల మీద సాధన చేసేవాళ్లకి, మన ఉక్కకి, తామర తొందరగా వస్తుంది. అప్పుడు కూడా మందుల షాపు ట్యూబు వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, దురద తగ్గుతుంది, తామర పాకుతుంది. మళ్లీ అదే షాపు, అదే స్టెరాయిడ్, ఈసారి పొట్లానికి బదులు ట్యూబు.

అమ్మగారికి తాయ్‌చీ చాలా మంచిది. పెద్దవయసులో పడిపోవడాలను తగ్గిస్తుందని అధ్యయనాల్లో తేలిన వ్యాయామం అది. మీ మండలంలో నేర్పేవాళ్లు దొరక్కపోతే కంగారేం లేదు. గోడ పక్కన మడమకు వేలు ఆనిస్తూ నడవడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, రోజుకు పదేసి సార్లు. పక్కన ఒక మనిషి ఉండాలి.

మీకు? ప్రస్తుతానికి ఏదీ వద్దు. మోకాలు తేలాక, ఈసీజీ తీయించాక, ముందు కాలవ గట్టు రోడ్డు మీద చదునుగా నడక, ఫిజియోథెరపిస్టు ఒప్పుకుంటే సైకిల్. బరువు తగ్గించేది అదే, తన్నడాలు కాదు. ఆ తర్వాత సరదా ఉంటే కటా నెమ్మదిగా చేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు పాదాల్లో స్పర్శ పరీక్ష చేయించుకోకుండా ఉత్తికాళ్లతో గచ్చు మీద సాధన చేయకూడదు. కంటి రెటీనా కూడా చూపించుకోండి, అది బాగా లేకపోతే ఊపిరి బిగబట్టి బలం వాడే పనులు మంచివి కావు. మీ తాతగారి తాలింఖానా నేను దసరాకి చూశాను. కళ్లకు గంతలు కట్టుకుని, మనిషి మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో నరుకుతారు. అక్కడ నాకు నచ్చేది కత్తి కాదు, కింద పడుకున్న మనిషి కదలకుండా ఉండటం. ఏళ్ల తరబడి ఒకే గురువు దగ్గర సాధన చేస్తే వచ్చే నమ్మకం అది. నెలలో నేర్చుకునే వ్యవహారం కాదు.

రేపు పరగడుపున వెళ్లండి. బీపీ మాత్ర కొద్ది నీళ్లతో వేసుకోండి, షుగర్ మాత్ర మాత్రం రక్తం ఇచ్చి, టిఫిన్ తినబోయే ముందు, డాక్టర్ చెప్పినంతే. స్ట్రిప్, పొట్లం రెండూ పట్టుకెళ్లండి, కాగితం నలిగినా పారేయకండి. జేబులో కాస్త పంచదార పెట్టుకోండి. బండి మీరు నడపొద్దు, ఆ కుడికాలితో బ్రేక్ తొక్కలేరు. ఎంఎంఏ తెలిసిన బావమరిది ఉన్నారుగా, ఆయన్ని నడపమనండి.