బొమ్మ బాగుంది గానీ, ఏ మెథడ్ పనిచేస్తుందో తెలియడం లేదు

ప్రశ్న: మాది నెల్లూరులో చిన్న కంపెనీ. రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే వెబ్ అప్లికేషన్ జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే సాధనం) చేశాం. కొత్తగా చేరిన పిల్లల కోసం తెలుగులో డాక్యుమెంటేషన్ రాస్తున్నాను. జాంగో వ్యూ క్లాసులన్నీ (ఒక్కో పేజీని తయారుచేసి చూపించే కోడ్ ముక్కలు) ఒకే బొమ్మలో పెట్టి, ఏది దేన్నుంచి వచ్చిందో బాణాలతో చూపించాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. అయినా ప్రతి సందేహానికీ మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. ఆ బొమ్మ తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తీసేయకండమ్మా, ముక్కలు చేయండి.

మీ పిల్లలు వచ్చి ఏమడుగుతున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. లిస్ట్‌వ్యూ (జాబితా పేజీని చూపించే క్లాసు) ఎవరి వారసత్వం అని ఎవరూ అడిగి ఉండరు. 'ఈ రైతుకు తన చెరువులే కనపడాలి, నేను ఏ మెథడ్ మార్చాలి?' అని అడిగి ఉంటారు. లిస్ట్‌వ్యూ సోర్స్ తెరిస్తే అందులో సొంత మెథడ్ (క్లాసు చేసే ఒక పని కోసం రాసిన కోడ్) ఒక్కటీ ఉండదు. అంతా పైనుంచి వచ్చిందే. వాళ్లకు కావలసిన గెట్_క్వెరీసెట్ (ఏ రికార్డులు చూపాలో తేల్చేది) మల్టిపుల్‌ఆబ్జెక్ట్‌మిక్సిన్‌లో ఉంది (మిక్సిన్ అంటే వేరే క్లాసుకు అదనపు పని జోడించే చిన్న క్లాసు), గెట్ బేస్‌లిస్ట్‌వ్యూలో ఉంది, బ్రౌజర్ అడిగినదాన్ని ముందుగా అందుకునే డిస్పాచ్ 'వ్యూ' అనే మూల క్లాసులో ఉంది. మీ బొమ్మలో క్లాసుల పేర్లు మాత్రమే ఉండి ఈ మెథడ్ల పేర్లు లేకపోతే, అది చూసి వాళ్లేం చేస్తారు? మీ దగ్గరికే వస్తారు.

అందుకని ఒక్కో పేజీకి ఒక్కో చిన్న బొమ్మ. లిస్ట్‌వ్యూకి దాని పైనున్న ఆరు క్లాసులు చాలు. ఒక్కో క్లాసుకీ అది తెచ్చే ముఖ్యమైన మెథడ్లు రెండో మూడో బొమ్మ కింద రాయండి. క్లాసుల పేర్లు ఇంగ్లీషులోనే ఉంచండి, ఎడిటర్‌లో వెతకాలి కదా. వివరణ తెలుగులో రాయండి.

అసలు చిక్కు ఇంకొకటుంది. బొమ్మ చుట్టరికం చెబుతుంది, వరస చెప్పదు. పైథాన్‌కి వరసే ముఖ్యం, అంటే ఒక మెథడ్ కోసం ఏ క్లాసులో ముందు వెతకాలన్నది. లాగిన్ అయినవాళ్లకే చెరువుల పేజీ కనపడాలని లాగిన్‌రిక్వైర్డ్‌మిక్సిన్ కలుపుతారు. మీ క్లాసు రాసేటప్పుడు తల్లి క్లాసుల పేర్లలో దాన్ని లిస్ట్‌వ్యూకి ఎడమవైపు రాస్తే పనిచేస్తుంది. కుడివైపు రాస్తే పైథాన్ ముందు వ్యూలోని డిస్పాచ్‌నే పట్టుకుంటుంది. అది సూపర్‌ని (వరసలో తర్వాతి క్లాసులోని అదే మెథడ్‌ని) పిలవదు కాబట్టి లాగిన్ తనిఖీ జరగనే జరగదు. ఎర్రర్ కూడా రాదు! ఎవరైనా లింకు తెరిచి పక్కవాడి చెరువు లెక్కలు చూసేయొచ్చు. రెండు సందర్భాల్లోనూ బొమ్మలో ఉండేవి అవే పెట్టెలు, అవే బాణాలు.

ఎడమ కుడి చూసి వరస తెలుసుకోవచ్చు కదా అంటారేమో. గ్రాఫ్‌విజ్‌తో (పెట్టెలు, బాణాల బొమ్మలు తనే గీసే సాఫ్ట్‌వేర్) గీయిస్తే ఆ నమ్మకం పెట్టుకోకండి. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా ఉండేందుకు అది పెట్టెల్ని తనకు వీలైన చోట పెడుతుంది. కాబట్టి బొమ్మ కింద పైథాన్ వెతికే వరసను అంకెలు వేసి మామూలు జాబితాగా రాయండి. జాంగో అధికారిక డాక్యుమెంటేషన్‌లో వ్యూ క్లాసుల దగ్గర పూర్వీకుల జాబితా ఇచ్చేది ఆ వరసలోనే. మీ సొంత క్లాసుకి ఆ వరస కావాలంటే షెల్‌లో క్లాసు పేరు పక్కన చుక్క పెట్టి, రెండువైపులా రెండేసి అండర్‌స్కోర్లతో ఎంఆర్ఓ (__mro__, అంటే పైథాన్ వెతికే వరస) అడిగితే చాలు. బొమ్మ, జాబితా రెంట్లో ఒక్కటే ఉంచమంటే నేను జాబితానే ఉంచుతాను. కళ్లు కనపడనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో చదివినా అది పనికొస్తుంది.

జాబితా ఒక్కటే చాలని కూడా అనను. క్రియేట్‌వ్యూ (కొత్త రికార్డు చేర్చే పేజీ క్లాసు) సంగతి చూడండి. ఫార్మ్‌మిక్సిన్, సింగిల్‌ఆబ్జెక్ట్‌మిక్సిన్ రెండూ కాంటెక్స్ట్‌మిక్సిన్ నుంచే వచ్చి, మోడల్‌ఫార్మ్‌మిక్సిన్ దగ్గర మళ్లీ కలుస్తాయి. ఈ కలయికను వాక్యాల్లో చెప్పబోతే మనకే తల తిరుగుతుంది. నాలుగు పెట్టెలు గీస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. బొమ్మ అవసరమైన చోటు అదీ.

బాణం దిశ సంగతి మీరు అడగలేదు గానీ, రేపు ఎవరో ఒకరు అడుగుతారు. యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసే ప్రామాణిక పద్ధతి) ప్రకారం బోలు త్రికోణం పిల్ల క్లాసు నుంచి తల్లి క్లాసు వైపు చూస్తుంది. మన వంశవృక్షంలో గీత తాత దగ్గర మొదలై కిందికి దిగుతుంది కాబట్టి కొత్తవాళ్లు తిరగేసి చదువుతారు. ప్రతి బొమ్మ కింద అందులో బాణం తల్లి క్లాసు వైపు చూస్తుందో, పిల్ల క్లాసు వైపు చూస్తుందో ఒక ముక్క రాసేయండి.

ఇకపోతే చేత్తో గీయడం మానేయండి. జాంగో వెర్షన్ మారినా, మీ కోడ్ మారినా చేత్తో గీసిన బొమ్మ పాతదైపోతుంది, ఆ సంగతి ఎవరూ గమనించరు. డాక్యుమెంటేషన్ తయారుచేసే స్ఫింక్స్ అనే సాధనంలో ఇన్‌హెరిటెన్స్ డయాగ్రమ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. గ్రాఫ్‌విజ్ ఇన్‌స్టాల్ చేసుకుంటే కోడ్‌ని చూసి అదే గీస్తుంది. బొమ్మ మరీ పైకి పాకకుండా టాప్‌-క్లాసెస్ ఆప్షన్‌తో ఏ క్లాసు దగ్గర ఆపాలో చెప్పొచ్చు. మెథడ్ల పేర్లు మాత్రం అది వేయదు, వాటిని కింద జాబితాలో మీరే రాసుకోవాలి.