పాత ప్రియస్‌లో స్టీరింగ్ బిగుసుకుపోతుంటే ముందు చిన్న బ్యాటరీ చూడండి

అన్నా, మీ 2007 టయోటా ప్రియస్‌లో (పెట్రోలు, కరెంటు రెండిటితో నడిచే హైబ్రిడ్ కారు) నెలలో మూడోసారి స్టీరింగ్ బరువెక్కిందని, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతోందని రాశారు. మెకానిక్ స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను పక్కలకు తిప్పే భాగం) మార్చాలన్నారట. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి.

ఈ బండిలో స్టీరింగ్ ఆయిల్, పంపు ఉండవు. స్టీరింగ్ కాలమ్‌కి (స్టీరింగ్ చక్రం కింది కడ్డీ భాగం) బిగించిన ఎలక్ట్రిక్ మోటారే సాయం చేస్తుంది. దానికి కరెంటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉన్న లైన్ నుంచి వస్తుంది. పార్కింగ్‌లో నిలబెట్టి తిప్పినప్పుడు మోటారు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్ సాయం ఆపేస్తుంది. ఇంజిన్‌ని తిప్పేది పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ కాబట్టి, చిన్నది నీరసించినా చాలాకాలం బయటపడదు. అందుకే చాలామంది దాన్ని అనుమానించరు.

ఆ చిన్న బ్యాటరీ డిక్కీలో కుడిపక్కన ఉంటుంది. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే మల్టీమీటర్ పెట్టండి. 12.5 వోల్టుల పైన ఉంటే పర్వాలేదు, 12.2 లోపుంటే మార్చేయడమే మంచిది. బండి స్టార్ట్ చేసి డాష్‌బోర్డులో READY దీపం వెలుగుతున్నప్పుడు దాదాపు 14 చూపాలి. టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగువు కూడా చూడండి.

ఇవన్నీ బాగుంటే స్టీరింగ్ కంట్రోల్ యూనిట్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివించండి. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక స్కానర్ పనికిరాదు. టార్క్ సెన్సర్ (స్టీరింగ్‌ని ఎంత బలంగా తిప్పుతున్నారో కొలిచేది) కోడ్ వస్తే ఆ లోపం కాలమ్‌లోనిది, ర్యాక్‌ది కాదు. సెన్సర్ మార్చాక జీరో పాయింట్ కాలిబ్రేషన్ (బలం పెట్టనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం) తప్పకుండా చేయించండి.

తేలేదాకా హైవే ఎక్కకండి. సాయం ఆగినా చక్రాలు తిరుగుతాయి గానీ, మలుపులో ఆ బరువు హఠాత్తుగా మీద పడితే చాలా ప్రమాదం. రీడింగులు రాయండి, చూసి చెబుతాను.