అక్క పేరు మారింది, చెల్లెలి పేరు మారలేదు: లోపం ఎక్కడుంది?

మీ నవలలో పెళ్లయ్యాక అక్క అత్తింటి పేరు తీసుకోవడం, చెల్లెలు పుట్టింటి పేరే నిలుపుకోవడం పాఠకులకు పొరపాటుగా తోచిందంటే, చిక్కు ఆ తేడాలో లేదు. వంశనామాన్నీ బిరుదునూ మీరు ఒకటిగా కలిపి రాయడంలో ఉంది.

1. ముందు ఆ రెండింటినీ విడదీయండి. వంశనామం పుట్టుకను తెలుపుతుంది, బిరుదు హక్కును తెలుపుతుంది.

2. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే: పెళ్లినాటికి ఎవరి హోదా పెద్దది, భూమి ఎవరిది అన్నది తేల్చుకోవాలి. ఇంగ్లండ్ రాజకుమారి మటిల్డా, మొదటి భర్త అయిన పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదవ హెన్రీ 1125లో మరణించాక, 1128లో ఫ్రాన్స్‌లోని ఆంజూ ప్రాంత ప్రభువు కుమారుడు జెఫ్రీని పెళ్లాడినా, సామ్రాజ్ఞి అన్న బిరుదును మాత్రం వదులుకోలేదు, ఎందుకంటే కొత్త భర్త హోదా అంతకంటే తక్కువది. అక్విటైన్ ఎలినార్ 1137లో ఒకసారి, 1152లో మరోసారి పెళ్లాడి ఫ్రాన్స్, ఇంగ్లండ్ రెండు దేశాలకు రాణి అయినా, నైరుతి ఫ్రాన్స్‌లోని అక్విటైన్ ప్రాంతం ఆమె సొంత వారసత్వం కనుక ఆ పేరు ఆమెను వీడలేదు.

3. మీ చెల్లెలి పాత్ర కోటకు వారసురాలైతే పేరు ఉంచండి. అక్కకు భూమి లేకపోతే ఆమె పేరు మారడం సహజమే. ఈ కారణం పెళ్లి ఒప్పందం కుదిరే సన్నివేశంలోనే ఒక్క వాక్యంలో తెలియాలి.

4. పిల్లలకు ఎవరి పేరు వస్తుందో కూడా అక్కడే రాయండి. వారసత్వ తగాదా మీ కథలో ఉంది కనుక ఇది తప్పదు.

5. శత్రువులు అక్కను పుట్టింటి పేరుతో పిలిచే చోట్లు దిద్దకండి, అవి బాగున్నాయి.