పాతిపెట్టే వాయువుకు శుద్ధి ఎందుకు?

ప్రశ్న: సిమెంటు కర్మాగారాల పొగ నుంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగైదు శాతం ఇతర వాయువులు ఉంటే నష్టమేమిటి? ఎలాగూ భూమిలో పాతిపెట్టేదే కదా, అంత ఖర్చుపెట్టి శుద్ధి చేయడం ఎందుకు?

జవాబు: ఎంత శాతం కలిసిందన్న దానికంటే, కలిసిన వాయువు ఏదన్నదే ఇక్కడ ముఖ్యం.

సుమారు 800 మీటర్ల లోతు దాటాక, 31 డిగ్రీల సెల్సియస్ వేడిని, 74 బార్ల పీడనాన్ని మించిన స్థితిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు ద్రవమంత చిక్కబడుతుంది. కొద్దిచోటులో ఎక్కువ బరువు ఇమడడానికి కారణం అదే. నైట్రోజన్, ఆర్గాన్ అలా చిక్కబడవు. అవి కలిస్తే మిశ్రమమంతా పలచబడుతుంది కనుక, నాలుగైదు శాతం నైట్రోజన్ తన వంతుకు మించిన చోటును ఆక్రమిస్తుంది. పైగా తేలికైన మిశ్రమం రాతి రంధ్రాల్లో ఉండే ఉప్పునీటి మీద మరింత బలంగా పైకి లేచి, నిల్వను కప్పి ఉంచే రాతి పొరను ఒత్తుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి వేరు. అమెరికాలోని నార్త్ డకోటా నుంచి కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి 2000లో మొదలై సుమారు 320 కిలోమీటర్ల గొట్టంలో వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో అది ఒక శాతం దాకా ఉండేది. తేమ తీసి పంపితే ఉక్కు గొట్టానికి ముప్పు తగ్గుతుంది. అయితే అది విషవాయువు; గొట్టం ఎక్కడ కారినా చుట్టుపక్కల మనుషుల ప్రాణాలకే ప్రమాదమని మరచిపోకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది అణుమాత్రంగా ఉండే ఆక్సిజన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, సల్ఫర్ డయాక్సైడ్, నీటి ఆవిరి విషయంలో. ఇవి ఒకదానితో ఒకటి చర్య జరిపితే గంధకామ్లం, నత్రికామ్లం పుట్టి, చుక్కలుగా విడివడి ఉక్కును తినేస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఉప్పునీటిలో కరిగితే వచ్చే ఆమ్లం సున్నపు ఖనిజాలను కరిగిస్తుంది. ఆ సున్నంతో పుట్టిన జిప్సం, వాయువును భూమిలోకి దింపే బావి చుట్టూ రాతి రంధ్రాలను పూడ్చేసే అవకాశం ఉంది. అందుకే బ్రెవిక్ సిమెంటు కర్మాగారం నుంచి వచ్చే వాయువును 2025 ఆగస్టు నుంచి సముద్రగర్భం కింద నిల్వచేస్తున్న నార్వేలోని నార్తర్న్ లైట్స్ అనే నిల్వ సంస్థ, పది లక్షల భాగాలకు నీరు 30, ఆక్సిజన్ 10 భాగాలు మించకూడదని నియమం పెట్టింది.

ఇక ఖర్చు మాట. బ్రెవిక్‌లో వాడే అమైన్ పద్ధతిలో (అమైన్ అనే రసాయన ద్రావణంతో పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి వేరుచేసే పద్ధతి) మీరన్నంత నైట్రోజన్ రాదు. ఇంధనాన్ని ఆక్సిజన్‌లో మండించే పద్ధతిలో వస్తుంది. ఓడలో తరలించడానికి కార్బన్ డయాక్సైడ్‌ను ఎటూ చల్లబరచి ద్రవంగా మార్చాలి. నైట్రోజన్, ఆర్గాన్‌లలో చాలా భాగం వాయువుగానే మిగిలి అప్పుడే విడిపోతుంది. కనుక అదనపు ఖర్చులో ముఖ్యమైనది తేమను, ఆక్సిజన్‌ను, ఆమ్ల వాయువులను తీసేయడానికి అయ్యేదే, దాన్ని తగ్గించుకోవడం క్షేమం కాదు.